కంప్యూటర్ గీసిందే ఒప్పనుకుని పిల్లాడి మార్కులు కోసేశాను

చిత్తూరు నుంచి ఒక లెక్చరర్ రాసిన ఉత్తరం ఇది. తన పేరు, కాలేజీ పేరు బయటపెట్టవద్దని కోరారు. ఆరు పేజీల ఉత్తరంలోని ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

ఆమెకు 47 ఏళ్లు. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో 21 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నారు. సుద్దముక్క, నల్లబల్ల తప్ప ఇంకొకటి ముట్టుకోవలసిన అవసరం ఇన్నేళ్లూ రాలేదు. ఈ ఏడాది లెక్కలకు కూడా కంప్యూటర్ ల్యాబ్ పెట్టి, ప్రమేయాలకు గ్రాఫులు గీయించే పని ఆమెకు అప్పగించారు. లెక్కలు కట్టి గ్రాఫులు గీసే మ్యాట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కొనాలంటే ఖర్చని, అదే పనికి ఉచితంగా దొరికే ఆక్టేవ్‌ను వేశారు. మొదటి రోజే ఎక్స్ స్క్వేర్‌కు గ్రాఫ్ గీయబోతే ఎర్రర్ వచ్చింది. 40 మంది పిల్లల ముందు ఇరవై నిమిషాలు తడబడ్డారు. చివరికి ఒక అమ్మాయి ఫోన్‌లో వెతికి, ఘాతానికి వాడే టోపీ గుర్తుకు (^) ముందు చుక్క పెట్టాలని చెప్పింది.

అసలు బాధ మూడో వారం మొదలైంది. ఆ రోజు ఎక్స్‌కు ఘనమూలం గ్రాఫ్. పలమనేరు వైపు పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక కుర్రవాడు ముందే గ్రాఫ్ పేపర్ మీద చేత్తో గీసుకొచ్చాడు. ఎడమ పక్క, అంటే ఎక్స్ రుణ విలువల దగ్గర, వాడి గీత అక్షానికి కింద ఉంది. కంప్యూటర్ మాత్రం దాన్ని అక్షానికి పైన గీసింది. "మేడం, మైనస్ 8కి మైనస్ 2 రావాలి కదా, ఇక్కడ 1 చూపిస్తోందే" అని వాడు అడిగాడు. "కంప్యూటర్ కంటే నీకు ఎక్కువ తెలుసా?" అని ఆమె గద్దించి, రికార్డులో 5కి 2 మార్కులు తగ్గించారు. వాడు మాట్లాడకుండా కూర్చున్నాడు. మిగతావాళ్లంతా తెర మీది బొమ్మే రికార్డులో దించుకున్నారు. ఆ రాత్రి వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, మైనస్ 2ని మూడుసార్లు గుణిస్తే మైనస్ 8 వస్తుందన్న సంగతి తట్టి, చేతిలో పని అలాగే ఆగిపోయిందట.

ఆ ఆదివారం కాణిపాకం వెళ్లి దేవుడి ముందు తప్పు ఒప్పుకున్నారు. అయినా మనసు కుదుటపడలేదు. ఆక్టేవ్ బాగా తెలిసిన కంప్యూటర్స్ లెక్చరర్ పక్క గదిలోనే ఉన్నాడు. కానీ అతను ఒకప్పుడు ఆమె దగ్గరే చదువుకున్నవాడు, అడగడానికి మొహం చెల్లలేదు. చెన్నైలో బీటెక్ చదివే కొడుకును ఫోన్‌లో అడిగితే "అమ్మా, ఇది కూడా రాదా" అన్నాడు. భర్త "ఈ టెన్షన్ ఎందుకు, మానేసెయ్" అంటున్నారు. తిరుపతిలో ఒక ఇంటర్ కాలేజీ నెలకు 8 వేలు ఎక్కువిస్తామంటోంది. అక్కడ ల్యాబ్ గొడవ లేదు. "నేను పాతబడిపోయానా? ల్యాబ్ వదిలేయాలా, కాలేజీ మారాలా? ఆ పిల్లాడికి ఏమని చెప్పాలి?" అని ముగించారు.

సమాధానం

అమ్మా, ముందు ఆ ఘనమూలం సంగతి తేల్చుకుందాం. మీ నిద్ర పోగొట్టింది అదే. మీ మిగతా ప్రశ్నలకు జవాబు కూడా చాలావరకు అందులోనే ఉంది.

కంప్యూటర్ ఆ రోజు పొరపాటు చేయలేదు. మీరు అడగని ప్రశ్నకు సరైన జవాబు ఇచ్చింది. ఎక్స్ ఘాతం 1/3 అని మీరు టైప్ చేస్తే, అది ముందు 1ని 3తో భాగించి 0.3333 అనే దశాంశంగా మార్చుకుంటుంది. ఆ తర్వాత మీరు అడిగింది ఘనమూలమని దానికి తెలిసే దారి లేదు. ఒక రుణసంఖ్యకు ఏదో దశాంశ ఘాతం కావాలన్నారు, అంతే. అప్పుడది వాస్తవ భాగం, కల్పిత భాగం రెండూ ఉండే సంకీర్ణ సంఖ్యల్లోకి వెళ్లింది. మైనస్ 8 అంటే మూలబిందువు నుంచి దూరం 8, కోణం 180 డిగ్రీలు. దూరానికి ఘనమూలం 2. కోణంలో మూడో వంతు 60 డిగ్రీలు. ఆ బిందువు వాస్తవ భాగం 1, కల్పిత భాగం 1.732. గ్రాఫ్ గీసేటప్పుడు కల్పిత భాగాన్ని వదిలేసి వాస్తవ భాగాన్ని మాత్రం పెట్టింది. మీ విద్యార్థి చూసిన 1 అదే.

ఇది మీకు కొత్త పాఠం కాదు. డిమోవర్ సిద్ధాంతం. మైనస్ 8కి మూడు ఘనమూలాలున్నాయని, అవి 60, 180, 300 డిగ్రీల దగ్గర ఉంటాయని మీరు 21 ఏళ్లుగా బోర్డు మీద వృత్తం గీసి చెబుతున్నారు. 180 దగ్గర ఉన్నదే ఆ కుర్రవాడి మైనస్ 2. యంత్రం ప్రధాన విలువగా 60 దగ్గర ఉన్నదాన్ని తీసుకుంది. వాస్తవ ఘనమూలమే కావాలంటే అందులో ఎన్‌త్‌రూట్ అనే వేరే ఆదేశం ఉంది. దానికి ఎక్స్, 3 ఇస్తే గీత ఎడమ పక్క కిందికే వెళుతుంది.

ఇప్పుడు చెప్పండి, ఆ గదిలో ఈ సంగతిని విడమరిచి చెప్పగలిగినవాళ్లు ఎవరు? ఫోన్‌లో వెతికి చుక్క పెట్టమన్న అమ్మాయి చెప్పలేదు. పక్క గది లెక్చరర్‌కు ఎన్‌త్‌రూట్ తెలిసి ఉండవచ్చు, 60 డిగ్రీలు ఎక్కడి నుంచి వచ్చాయో అతనికి తట్టాలని లేదు. మీరు చెప్పగలరు. ఆ రోజు చెప్పలేకపోయింది మీకు లెక్కలు రాక కాదు. తెర మీద బొమ్మ కనబడగానే మీ లెక్కలను మీరే పక్కన పెట్టేశారు. మీ కష్టమంతా ఇక్కడే ఉందని నాకు అనిపిస్తోంది.

గ్రాఫ్ గీయడమంటే ఆ యంత్రానికి చుక్కల ముగ్గు వేయడమే. మీరు చెప్పిన చోట్ల ఎక్స్ విలువలు తీసుకుంటుంది, ఒక్కోదానికి వై కట్టి చుక్క పెడుతుంది, పక్కపక్క చుక్కలను సరళరేఖలతో కలుపుతుంది. లిన్‌స్పేస్ అనే ఆదేశానికి రెండు చివరలు మాత్రం ఇస్తే వాటితో కలిపి తనంతట 100 చుక్కలు తీసుకుంటుంది. రెండు చుక్కల మధ్య ప్రమేయం ఏం చేస్తుందో దానికి తెలియదు. ఏ చుక్కను దేనితో కలపకూడదో కూడా తెలియదు. మన వాకిట్లో ముగ్గు వేసే అమ్మకు అది తెలుసు. లెక్కల మేడంకు తెలుసు.

మొదటి రోజు వచ్చిన ఎర్రర్ కూడా ఇందులోదే. ఎక్స్ అనేది మీకు ఒక చలరాశి. దానికి అది వంద సంఖ్యల వరుస, అంటే ఒక అడ్డు మాత్రిక. చుక్క లేని టోపీ గుర్తు పెడితే మాత్రికను మాత్రికతోనే గుణించమన్నట్టు. అడ్డు మాత్రికను అలా గుణించడం కుదరదని మీ పిల్లలకు మొదటి సంవత్సరంలోనే తెలుసు. చుక్క పెడితే, ఒక్కో సంఖ్యను విడివిడిగా వర్గం చెయ్యి అని అర్థం. గుణకారానికీ భాగహారానికీ అంతే. ఆ అమ్మాయి చుక్క పెట్టమని చెప్పింది గానీ, ఎందుకు పెట్టాలో చెప్పే అవకాశం మీకు ఇంకా మిగిలే ఉంది.

ఇక ఆ కుర్రవాడి సంగతి. కాణిపాకంలో ప్రమాణం చేస్తే అబద్ధం నిలవదని మన వైపు నమ్మకం. మీరు అక్కడిదాకా వెళ్లారంటే ఎంత కుమిలిపోయారో నాకు అర్థమైంది. కానీ ఆ సంగతి ఇంకా ఆ పిల్లాడికి చేరలేదు. అందుకే మీ మనసు కుదుటపడటం లేదు.

మీకు దారులు లేకపోలేదు. వాణ్ణి ఒక్కణ్ణే స్టాఫ్ రూమ్‌కు పిలిచి "నువ్వు గీసిందే ఒప్పు" అని చెప్పి మార్కులు సరిచేయవచ్చు. పది నిమిషాల్లో అయిపోతుంది, మీ మర్యాదకు ఏమీ కాదు. కానీ మిగతా 39 రికార్డుల్లో తప్పు బొమ్మ అలాగే ఉంటుంది. రేపు ప్రాక్టికల్స్‌కు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ అడిగితే పిల్లలు బిక్కమొహం వేస్తారు. పైగా మీరు గద్దించింది అందరి ముందు, సరిదిద్దింది తలుపు వేసిన గదిలో. పద్ధెనిమిదేళ్ల పిల్లలకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

రెండోది, క్లాసులోనే చెప్పడం. కొందరు నవ్వవచ్చు. రెండు రోజులు కారిడార్లో మాట్లాడుకోవచ్చు, ఎవరో ఒకరు ప్రిన్సిపాల్‌కు చేరవేయవచ్చు కూడా. అది తేలికని నేను చెప్పను. అయితే ఆ గంటలో మీరు బోర్డు మీద 60, 180, 300 డిగ్రీల వృత్తం గీసి, పక్కనే తెర మీద రెండు గ్రాఫులూ చూపిస్తే, ఆ ఏడాదిలో పిల్లలు మరిచిపోని పాఠం అదే అవుతుంది.

పరీక్షలయ్యేదాకా ఊరుకోవడం మూడోది. మీకు అదే సులువనిపిస్తోందని ఉత్తరంలో రెండుచోట్ల కనిపించింది. దాని వల్ల ఏం జరుగుతుందో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను. నేను తిరుపతిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, గైడులో అచ్చయిన జవాబును నమ్మి ఒక అమ్మాయి చేసిన లెక్క కొట్టేశాను. నెల తర్వాత గైడు తప్పని తేలింది. చెబుదాంలే అనుకుంటూ చెప్పలేదు. ఆ అమ్మాయి తర్వాత రెండేళ్లలో నా క్లాసులో ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. ఆ చెయ్యి ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది.

నన్నడిగితే మొదటి రెండూ వెంటవెంటనే చేయమంటాను. ముందు వాడికి, ఆ మర్నాడు క్లాసుకు. క్లాసులో చెప్పబోతున్నానని వాడికి ముందే చెప్పండి. కొందరు పిల్లలకు అందరూ తమవైపు చూడటం ఇష్టముండదు. పేరు చెప్పొద్దు మేడం అంటే చెప్పకండి.

ల్యాబ్ వదిలేసే విషయానికి వస్తే, ప్రిన్సిపాల్‌తో చెప్పి కంప్యూటర్స్ లెక్చరర్‌కు అప్పగించవచ్చు. మీకు వారానికి నాలుగు గంటలు మిగులుతాయి, ఎర్రర్లు రావు. కానీ ఒకసారి వదిలిన పేపర్ మళ్లీ చేతికి రావడం ప్రైవేటు కాలేజీలో ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ పైన, ఆదేశాలన్నీ సరిగ్గా టైప్ చేసి, తప్పు గ్రాఫును ఒప్పనుకుని దించుకునే పిల్లలు తయారవుతారు. టాన్ ఎక్స్ సంగతే చూడండి. 90 డిగ్రీలకు ఇటు ఒక చుక్క ఎక్కడో పైన, అటు ఒక చుక్క ఎక్కడో కింద పడతాయి. యంత్రం రెంటినీ కలిపి నిలువుగా గీత గీస్తుంది. ఆ గీత ప్రమేయంలో లేదు. దాన్ని చూసి "ఇది అనంత స్పర్శరేఖ, బాగా గీసింది" అని రాసుకునే పిల్లలుంటారు. అక్కడ గ్రాఫ్ తెగిపోవాలని చెప్పి, వై మరీ పెద్దదైన చోట విలువకు బదులు నాన్ అనే గుర్తు పెట్టించి గీత తెంపించాలి. నాన్ అంటే సంఖ్య కాదని అర్థం, అది ఉన్న చోట ప్లాట్ ఆదేశం గీత కలపదు. ఆ తెంపాలన్న ఆలోచన లెక్కల మనిషికే వస్తుంది.

అంతా మీరొక్కరే నేర్చుకుని చేయడం ఇంకో దారి. చేయగలరు, కానీ రెండు నెలలు సాయంత్రాలు పోతాయి. ఇంట్లో మీ అత్తగారి ఆరోగ్యం గురించి కూడా రాశారు. ఆ భారం లెక్కలోకి తీసుకోండి.

మధ్యలో ఇంకొకటుంది. ల్యాబ్ మీ పేరుమీదే ఉంచుకుని, మొదటి నెల ఆ కంప్యూటర్స్ లెక్చరర్‌ను పక్కన కూర్చోమని అడగడం. కీబోర్డు అతను, గ్రాఫ్ మీరు. నాకు నచ్చిన దారి ఇదే, కానీ దీనికి మీరు నోరు తెరిచి అడగాలి. మీ మనసు ఇక్కడే వెనకాడుతోంది కదా.

ఈ ఆక్టేవ్ అన్న పేరు ఎలా వచ్చిందో మీకు తెలుసా? దాన్ని 1992లో రాయడం మొదలుపెట్టింది జాన్ ఈటన్. అతనికి కెమికల్ ఇంజనీరింగ్ చెప్పిన ప్రొఫెసర్ పేరు ఆక్టేవ్ లెవెన్‌స్పీల్. ఏ చిన్న కాగితం ముక్క మీదైనా జవాబు ఉజ్జాయింపుగా ఎంత ఉండాలో చప్పున లెక్కకట్టడంలో ఆయన దిట్ట. శిష్యుడు తన సాఫ్ట్‌వేర్‌కు గురువు పేరే పెట్టుకున్నాడు. మ్యాట్‌ల్యాబ్ కథ కూడా దగ్గరగానే ఉంటుంది. 1970ల చివర్లో క్లీవ్ మోలర్ అనే ప్రొఫెసర్, తన విద్యార్థులు ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోకుండానే మాత్రికల లెక్కలు చేసుకోవాలని రాసిపెట్టాడు. 1984లోనే అది కంపెనీ సరుకైంది. అంటే ఈ పనిముట్లు పాఠం చెప్పే గదుల నుంచే వచ్చాయి. మీరు అందులోకి వెళితే పరాయి ఇంట్లోకి వెళ్లినట్టు కాదు.

మీ పాత విద్యార్థి మీరు లోపలికి రాగానే ఇప్పటికీ లేచి నిలబడతాడని రాశారు. అలాంటివాణ్ణి అడగడానికి సిగ్గెందుకమ్మా? "నాకు కంప్యూటర్ రాదు, నేర్పించు" అని మొత్తంగా అడిగితే అతనికీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి. టాన్ ఎక్స్ గీత ఎలా తెంపాలి? రెండు గ్రాఫులు ఒకే బొమ్మలో ఎలా వేయాలి? అక్షాల హద్దులు ఎలా మార్చాలి? అరగంట పని. బదులుగా ఘనమూలం సంగతి అతనికి చెప్పండి. అతను కూడా ఆశ్చర్యపోతాడని నా నమ్మకం.

కొడుకు దగ్గర ఫోన్‌లో నేర్చుకోవడం మాత్రం ఆపేయండి. వాడు చెడ్డవాడని కాదు. తెర కనబడకుండా ఫోన్‌లో చెబితే ఎవరికైనా విసుగొస్తుంది. ఇంటర్నెట్‌లో వీడియో పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, వాటిని మీ వీలును బట్టి ఆపి ఆపి చూసుకోవచ్చు.

నేర్చుకునేటప్పుడు ఒక పద్ధతి పెట్టుకోండి. ముందు చేత్తో గీయండి, తర్వాతే టైప్ చేయండి. రెండూ కలవని చోట ఆగండి. సైన్ ఎక్స్‌ను ఎక్స్‌తో భాగించిన ప్రమేయం తీసుకోండి. సున్నా దగ్గర మీరు 1 అని గీస్తారు, యంత్రం చుక్క సరిగ్గా సున్నా మీదే పడితే దానికి అక్కడ సున్నా బై సున్నా, గ్రాఫులో ఖాళీ వస్తుంది. అవధి (లిమిట్) పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి సందు దొరకదు. సైన్ 30 అడిగితే అర వస్తుందనుకుంటారు, మైనస్ 0.988 వస్తుంది. దానికి కోణం రేడియన్లలోనే తెలుసు, డిగ్రీలు కావాలంటే సైండ్ అని రాయాలి.

ఇంకొకటి, సైన్ 2π ఎక్స్‌ను 0 నుంచి 10 వరకు పూర్ణసంఖ్యల దగ్గర మాత్రమే గీయించండి. పది అలలు రావలసిన చోట ఏదో గీరినట్టు వస్తుంది. నిలువు అక్షం మీద అంకెలు చూస్తే దశాంశ బిందువు తర్వాత పద్నాలుగు సున్నాలున్నంత చిన్నవి. పూర్ణసంఖ్యల దగ్గర ఆ ప్రమేయం సున్నాయే కదా. మీరు చూస్తున్నది π విలువను దశాంశాల్లో దాచుకోవడంలో మిగిలిపోయిన చిల్లర. రోజూ మధ్యాహ్నం పన్నెండుకు మాత్రమే ఆకాశం చూసేవాడికి రాత్రి ఉందని తెలియనట్టే, చుక్కలు ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి అల మొత్తం మాయమవుతుంది. చుక్కల మధ్య దూరం 0.01కి తగ్గిస్తే అల తిరిగి వస్తుంది. పిల్లల చేత ఇది చేయించి చూడండి, వాళ్ల మొహాలు చూడటానికి మీకే సంతోషంగా ఉంటుంది.

తిరుపతి ఉద్యోగం గురించి ఒక్క మాట. దాన్ని ఈ నెలలో తేల్చకండి. చిత్తూరు నుంచి తిరుపతికి సుమారు 70 కిలోమీటర్లు. రోజూ రానూపోనూ బస్సు, తెల్లవారుజామున స్టడీ అవర్లు, ఇంట్లో పెద్దావిడ. 8 వేలలో ఛార్జీలు పోను ఎంత మిగులుతుందో మీరు కాగితం మీద వేసుకోగలరు. అన్నీ చూసుకున్నాక కూడా జీతం కోసమో, అక్కడి పిల్లల కోసమో వెళ్లాలనిపిస్తే నిశ్చింతగా వెళ్లండి, అందులో ఓటమి ఏమీ లేదు. ల్యాబ్ భయంతో వెళితే మాత్రం ఆ మైనస్ 2 మీతోపాటే ఆ బస్సెక్కుతుంది. మీ వారు మానేయమనడం మీ మీద ప్రేమతోనే. ఘనమూలం కథ ఆయనకూ పూర్తిగా చెప్పండి, ఇప్పటివరకు టెన్షన్ మాత్రమే చెప్పినట్టున్నారు.

పాతబడిపోయానా అని అడిగారు. చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఎవరూ అడగకుండానే, తెర మీది బొమ్మ తప్పని పట్టుకున్నారు మీరు. కాస్త ఆలస్యమైంది, అంతే.

వచ్చే ల్యాబ్ సోమవారమని రాశారు. ఆదివారం సాయంత్రమే ఒకసారి టైప్ చేసి చూసుకోండి. మైనస్ 8కి ఘాతం 1/3 చూపించేటప్పుడు మైనస్ 8 చుట్టూ బ్రాకెట్లు తప్పకుండా పెట్టండి. పెట్టకపోతే యంత్రం ముందు 8కి ఘనమూలం కట్టి, దానికి మైనస్ తగిలించి మైనస్ 2 చూపిస్తుంది. అప్పుడు క్లాసు ముందు "సరిగ్గానే వచ్చింది కదా మేడం" అంటారు, మీరు చూపించాలనుకున్న తేడా కనబడదు.